మొదట పోయేది చెయ్యే: ఫిలిప్పీన్స్ కర్రసాము ఎంతవరకు కాపాడుతుంది, ఎక్కడ విరుస్తుంది

మూరన్నర బెత్తం ఝళిపిస్తూ ఒకతను మీదికొస్తాడు. రెండో అతను తన బెత్తంతో దాన్ని ఆపి, ఎడమచేత్తో ఆ మణికట్టు దొరకబుచ్చుకుని, రెప్పపాటులో కర్ర లాగేసుకుంటాడు. పదిహేను సెకన్ల వీడియో. చూసినవాళ్ళలో కొందరు "ఇది నేర్చుకుంటే ఇక భయమేముంది" అంటారు. ఇంకొందరు "ఇదంతా కోలాటం, వీధిలో ఒక్క దెబ్బకి నిలబడదు" అని కొట్టిపారేస్తారు. మెడిసిన్ చదవడానికి పిల్లల్ని ఫిలిప్పీన్స్ పంపిన తెలుగు ఇళ్ళలో అయితే మూడో మాట వినిపిస్తుంది: "కర్రలతో కొట్టుకుంటున్నావా? చెయ్యి విరిగితే ఎవరు చూస్తార్రా అక్కడ?"

ఈ మూడు మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. దవావోలో చదువుకునే రోజుల్లో ఆదివారం పొద్దున్నే ఒక పార్కులో నేనీ విద్య నేర్చుకున్నాను. తర్వాత ఎముకల వార్డులో పనిచేశాను. రెండు వైపుల నుంచీ చూశాక నాకు గట్టిగా అనిపించిన సంగతి ఒకటుంది. ఈ విద్య మనిషిని కాపాడేది చేతి మీదుగానే, గాయపరిచేది కూడా చేతి మీదుగానే. అందుకే "పనికొస్తుందా" అన్న ప్రశ్ననీ, "దెబ్బలు తగులుతాయా" అన్న ప్రశ్ననీ విడదీసి చూస్తే రెండూ అర్థం కావు.

మూడు పేర్లు, ఒక విద్య

అర్నిస్, ఎస్క్రిమా, కాలీ. మూడూ దాదాపు ఒకే విద్యకి పేర్లు. అర్నిస్ అన్నది కవచానికి స్పానిష్ మాట అయిన ఆర్నెస్ నుంచి వచ్చింది. ఎస్క్రిమా అన్నది కత్తిసాముకి స్పానిష్ మాట ఎస్గ్రిమా. కాలీ అన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మాత్రం ఆ విద్య తెలిసినవాళ్ళ మధ్యే తేలని పంచాయితీ. అదే అన్నిటికంటే పాతదని కొందరు, అమెరికాలో ప్రచారంలోకి వచ్చాకే బలపడిందని కొందరు. 2009 డిసెంబరు 11న వచ్చిన 9850వ నంబరు చట్టంతో అర్నిస్ ఫిలిప్పీన్స్ జాతీయ యుద్ధకళ, జాతీయ క్రీడ అయింది. 2019లో అక్కడే జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో పతకాల పోటీగా ఉంది. నేర్పేవాళ్ళని "గురో" అంటారు. మన గురువే.

మన కర్రసాములో కర్ర సాధారణంగా మనిషి ఎత్తుకి దగ్గరగా ఉంటుంది, రెండు చేతులతో తిప్పుతారు. అర్నిస్‌ కర్ర పొట్టిది: సుమారు 28 అంగుళాలు, అంటే 71 సెంటీమీటర్లు, అంగుళం మందం. ఒక చేత్తో పడతారు, లేదా చేతికొకటి. అది పేము. మన బళ్ళలో మాస్టార్ల చేతి బెత్తం ఏ తీగదో ఇదీ ఆ తీగదే, కాకపోతే బాగా లావుది. పేము ఎంత బాదినా ఒక్కసారిగా ఫెళ్ళున విరిగి మొన తేలదు, పీచు పీచుగా లేస్తుంది. సాధనకి దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. కమగోంగ్ అనే నల్లటి గట్టి చెక్కతో, బాహి అనే తాటి జాతి చేవతో చేసిన కర్రలూ ఉన్నాయి. అవి చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలిసిపోతుంది.

రెండు కర్రలతో చేసే సాధన పేరు సినవాలి. వెదురు దబ్బలతో అల్లిన తడికని అక్కడ సవాలి అంటారు. ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరి కర్రలు పైకీ కిందకీ దాటుకుంటూ పోతుంటే నిజంగానే తడిక అల్లుతున్నట్టు ఉంటుంది. కోలాటం అని వెక్కిరించేవాళ్ళు చూసేది ఈ భాగాన్ని. ఆ పోలిక పైకి సరైనదే. లోపల జరిగేది వేరు: రెండు చేతులూ సమానంగా పనిచేయడం, ఎదుటి కర్రని చూస్తూ కాకుండా భుజాన్ని చూస్తూ కదలడం. ఇవి ఆ అల్లికలోనే ఒంటబడతాయి.

కర్ర కత్తికి బదులా, కర్ర కర్రేనా

గందరగోళం మొదలయ్యేది ఇక్కడే. చాలామంది గురువులు "కర్ర అనేది బోలోకి బదులు" అంటారు. బోలో అంటే అక్కడి పొలాల్లో, కొబ్బరితోటల్లో వాడే పెద్ద కత్తి. 1521 ఏప్రిల్ 27న మక్తాన్ ద్వీపంలో అక్కడి నాయకుడు లాపులాపు మనుషుల చేతిలో పోర్చుగీసు నావికుడు మాగెల్లాన్ చనిపోయినప్పుడు వాడింది ఈటెలు, పెద్ద కత్తులు. కాబట్టి ఈ విద్యకి మూలం కత్తి అనీ, కర్ర సాధన కోసం వచ్చిందనీ వాళ్ళ వాదం.

మరో వర్గానిది సెబూ నగరపు అనుభవం. అక్కడ 1932లో దోసే పారెస్ అనే సాధకుల సంఘం ఏర్పడింది. 1952లో వెనాన్సియో బేకన్ అందులోంచి విడిపోయి బలింతవాక్ పద్ధతి మొదలుపెట్టాడు. ఆ తర్వాతి రోజుల్లో ఈ రెండు వర్గాల మధ్య సవాళ్ళు విసురుకుని కర్రలతో తలపడిన కథలు సెబూలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బలింతవాక్‌లో ఒక్కటే కర్ర, దగ్గర దూరం, రెండో చెయ్యి ఎప్పుడూ పనిలో ఉంటుంది. వాళ్ళకి కర్ర అంటే కర్రే.

ఈ తేడా మాటల తేడా అనిపించవచ్చు. ఒక ఉదాహరణ చూడండి. ఎదుటివాడి ఆయుధాన్ని ఎడమచేత్తో మధ్యలో పట్టుకుని లాగేసుకునే ఎత్తు దాదాపు ప్రతి శిక్షణలోనూ ఉంటుంది. చేతిలో ఉన్నది పేము కర్ర అయితే అది సాధ్యం. అదే కత్తి అయితే అరచేయి తెగిపోతుంది. ఒకే తరగతిలో "ఇది కత్తి అనుకో" అని, అయిదు నిమిషాల తర్వాత "ఇప్పుడు కర్ర పట్టుకుని లాగు" అంటే రెండింట్లో ఒకటే నిజం అవుతుంది. ఇంకోవైపు నుంచి చూడండి. కత్తి వేళ్ళ మీద పడితే స్నాయువు తెగి వేళ్ళు ముడుచుకోవు, పోరాటం అక్కడితో ఆగుతుంది. కర్ర పడితే, ఎముక విరగకపోతే, మిగిలేది నొప్పే. కోపంలోనో మత్తులోనో ఉన్నవాడికి ఆ నొప్పి మర్నాటి దాకా తెలియకపోవచ్చు. అందుకే ఏ ఎత్తు ఏ ఆయుధానికి అన్నది చెప్పకుండా నేర్పే చోట పిల్లవాడు రెండూ సగం సగం నేర్చుకుంటాడు. మంచి గురువులు ఈ మాట మొదటి నెలలోనే చెప్తారు.

పాము కోర పీకడం: దూరం లెక్క

ఈ విద్యలో అన్నిటికంటే విలువైన ఆలోచన ఏది అంటే నేను దీన్నే చెప్తాను. దాన్ని అక్కడ "పాము కోర పీకడం" అంటారు. మీదికొచ్చే మనిషి తలనీ ఛాతీనీ వదిలేసి, ఆయుధం పట్టుకున్న చేతిని కొట్టాలి. కోర లేని పాము పాకుతుందేమో గానీ కాటు వేయలేదు.

ఇందులో ఉన్న తెలివి ఒక చిన్న లెక్కలో కనిపిస్తుంది. ఒకే ఎత్తున్న ఇద్దరు ఎదురెదురుగా ఉన్నారనుకుందాం. భుజం నుంచి పిడికిలి దాకా 60 సెంటీమీటర్లు, పిడికిలి నుంచి కర్ర కొన దాకా మరో 60. అంటే నా భుజం నుంచి 120 సెంటీమీటర్ల దాకా నా దెబ్బ అందుతుంది. అవతలివాడి తల కొట్టాలంటే నేను ఆ 120 లోపలికి వెళ్ళాలి. వెళ్తే నా తల కూడా అతనికి అందుతుంది. కానీ అతను కొట్టడానికి చెయ్యి చాపినప్పుడు ఆ పిడికిలి అతని ఒంటికి 50 సెంటీమీటర్లు ముందుకి వస్తుంది. ఆ పిడికిలి నాకు 170 సెంటీమీటర్ల దగ్గర నుంచే అందుతుంది. నేను 150 దగ్గర నిలబడితే అతని కర్ర నా తలని తాకదు, నా కర్ర అతని చేతిని తాకుతుంది. పెద్దగా బలం అక్కర్లేదు, ఒక అడుగు వెనక్కి వేసే నేర్పు కావాలి. బలం తక్కువున్నవాళ్ళకి ఈ విద్య పనికొస్తుంది అనడానికి అసలైన కారణం ఇదే.

ఇదే లెక్కని అద్దంలో తిప్పి చూడండి. అవతలివాడికీ అదే కొలత వర్తిస్తుంది. నేను చెయ్యి చాపిన ప్రతిసారీ నా పిడికిలి కూడా అతనికి అందుబాటులోకి వెళ్తుంది. కాబట్టి ఇద్దరు నిజంగా తలపడితే, ఇద్దరూ బాగా నేర్చుకున్నవాళ్ళయితే, మొదట పోయేది ఎవరిదో ఒకరి చెయ్యి. పార్కులో కొత్తగా చేరినవాళ్ళకి తగిలే దెబ్బల్లో ఎక్కువ వేళ్ళకే ఎందుకు తగులుతాయో ఈ లెక్కే చెప్తుంది. అక్కడ తగలడం పొరపాటు అయి ఉండవచ్చు గానీ, ఈ విద్య ఎప్పుడూ గురిపెట్టేది ఆ చోటికే.

వీడియోలో కర్ర అంత తేలిగ్గా ఎందుకు ఊడివస్తుంది

అసలు కర్ర దెబ్బని చూసి ఆపడానికి ఎంత సమయం ఉంటుంది? ఒక దీపం వెలిగితే మీట నొక్కడం లాంటి అతి తేలిక పనికే మనిషికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది. దెబ్బ ఎడమ నుంచా కుడి నుంచా పై నుంచా అని ఎంచుకోవాలంటే ఇంకా ఎక్కువ. దగ్గరి నుంచి వేసిన దెబ్బ ఆ సరికే పూర్తయిపోతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కర్రని చూడరు. భుజం కదలికనీ బరువు ఏ కాలి మీద ఉందన్నదీ చూసి ముందే ఊహిస్తారు.

కర్ర లాక్కునే ఎత్తులు పనిచేయాలంటే అవతలివాడి కర్ర ఎక్కడో ఒకచోట ఆగాలి. సాధనలో భాగస్వామి దెబ్బ వేసి, చెయ్యి అక్కడే ఉంచుతాడు, మనం నేర్చుకోవాలని. అది మర్యాద. నిజంగా కొట్టేవాడు చెయ్యి అక్కడ వదిలేయడు. వెనక్కి లాగి మళ్ళీ కొడతాడు, మళ్ళీ కొడతాడు. ఆ వేగంలో గాల్లో ఉన్న మణికట్టుని పట్టుకోబోతే కర్ర కింద దొరికేవి మన వేళ్ళే.

ఇది తెలిసి కొందరు ఇంకో దారి పట్టారు. 1988లో అమెరికాలో మొదలైన డాగ్ బ్రదర్స్ అనే బృందం కత్తిసాము మాస్కులు, చిన్న గ్లవ్స్ మాత్రమే పెట్టుకుని నిజం పేము కర్రలతో పూర్తి బలంతో తలపడడం మొదలుపెట్టింది. వాళ్ళ పోరాటాలు చూస్తే రెండు సంగతులు కళ్ళకి కడతాయి. ఒకటి, సొగసైన లాక్కునే ఎత్తులు చాలా అరుదు. రెండు, ఎన్నోసార్లు పోరాటం కర్రల దూరం దాటి ఒకరినొకరు వాటేసుకోవడం దాకా, నేలమీద పెనుగులాట దాకా పోతుంది. దీన్ని చూపించి "సంప్రదాయ సాధన అంతా వృథా" అనేవాళ్ళున్నారు. నాకు అంత తొందర పనికిరాదనిపిస్తుంది. ఆ పోరాటాల్లో నెగ్గేవాళ్ళ అడుగుల్లో, కొట్టే కోణాల్లో సాధన స్పష్టంగా కనిపిస్తుంది. పోయింది ఎత్తుల జాబితా. మిగిలింది దూరం, లయ, అడుగు.

అంగుళం బెత్తంలో ఎంత బలం

పేము కర్ర తేలికగా ఉంటుంది, సుమారు 200 గ్రాములు. "ఇంత చిన్న బెత్తం ఏం చేస్తుంది" అనిపిస్తుంది. లెక్క వేద్దాం. కర్ర కొన సెకనుకి 20 మీటర్ల వేగంతో, అంటే గంటకి 72 కిలోమీటర్లతో కదులుతుందనుకుందాం. పిడికిలి దగ్గర కదలిక తక్కువ, కొన దగ్గర ఎక్కువ కాబట్టి కర్ర మొత్తానికి శక్తి సుమారు 13 జౌళ్ళు వస్తుంది. గంటకి 46 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉండే శక్తి అదే. ఆ కర్ర వెనక చెయ్యి, భుజం బరువు కూడా కొంత తోడవుతుంది.

క్రికెట్ బంతి తొడకి తగిలితే కమిలిపోతుంది, అంతే కదా అనుకోవచ్చు. తేడా ఏమిటంటే కర్ర తగిలేది సన్నటి గీతగా, అదీ చర్మం కింద వెంటనే ఎముక ఉండే చోట. పిడికిలి మెటికల మీద కండ లేదు. పైగా వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. అవతలివాడి చెయ్యి కూడా సెకనుకి 5 మీటర్ల వేగంతో ఎదురొస్తుంటే కలిసిన వేగం 25 అవుతుంది, దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చేతిని కొట్టే ఎత్తు ఇంత బాగా పనిచేయడానికి కారణం ఇదే: ఎదుటివాడు తన వేగాన్ని కూడా మన దెబ్బకి చేరుస్తాడు. కమగోంగ్ అయితే పేము కన్నా దాదాపు రెట్టింపు బరువు. దాంతో భాగస్వామి సాధన చేసే చోట నేనైతే నిలబడను.

చెక్కబ్యాటుకి "తీపి చోటు" ఉన్నట్టే కర్రకీ ఉంటుంది. పట్టు నుంచి కొన వైపు మూడింట రెండు వంతుల దూరంలో తగిలితే కొట్టినవాడి చేతికి అదురు రాదు. అటూ ఇటూ తగిలితే అదురు మణికట్టులోకి వస్తుంది. దీని సంగతి కింద మళ్ళీ వస్తుంది.

వేలికి తగిలిన దెబ్బ: పైకి చిన్నది, లోపల పెద్దది

ఒక ఆదివారం. సినవాలి వేగం పెంచాం. అవతల ఉన్నది నా జూనియర్, వరంగల్ అబ్బాయి. అతని కర్ర నా కర్ర వెంబడి జారి వచ్చి నా కుడి మధ్యవేలి చివర తగిలింది. టక్ మని చిన్న చప్పుడు, ఎండు కంది పుల్ల విరిగినట్టు. నొప్పి పెద్దగా లేదు. "ఏం కాలేదన్నా?" అన్నాడు. ఏం కాలేదన్నాను. వేలు చూసుకుంటే చివరి కణుపు కిందికి వాలిపోయి ఉంది. పైకి ఎత్తమని మనసులో ఎంత చెప్పినా అది లేవలేదు.

దాన్ని మ్యాలెట్ ఫింగర్ అంటారు. వేలి కొనని పైకి లేపే సన్నటి స్నాయువు ఎముక నుంచి తెగిపోతుంది, ఒక్కోసారి చిన్న ఎముక ముక్కని కూడా పీక్కుపోతుంది. మందు చాలా మామూలుది: వేలు కొనని నిటారుగా ఉంచే చిన్న పట్టీ, ఆరు నుంచి ఎనిమిది వారాలు, రాత్రీ పగలూ. ఒక్కసారి వంగినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ రోజులన్నీ నేను చెంచాతో అన్నం తిన్నాను. ముద్ద కలపడంలో వేలి కొనలు ఎంత పనిచేస్తాయో అప్పుడే తెలిసింది.

ఇలాంటి దెబ్బని చాలామంది "బెణికింది" అని వదిలేస్తారు. నెల దాటాక వస్తే పని కష్టం. పిడికిలి ఎముకల సంగతీ అంతే. చిటికెనవేలి మొదట్లో అరచేతిలోని ఎముక మెడ దగ్గర విరగడం మామూలు. వాపు తప్ప పైకేమీ కనిపించకపోవచ్చు. వార్డులో పెద్ద డాక్టర్లు ముందు పిడికిలి నెమ్మదిగా మూయమంటారు. ఆరోగ్యంగా ఉన్న చేతిలో మడిచిన వేళ్ళన్నీ బొటనవేలి కింద, మణికట్టు దగ్గర ఒకే చోటు వైపు చూస్తాయి. ఒక వేలు పక్కవేలి మీదికి ఎక్కితే ఎముక విరిగి మెలి తిరిగిందన్నమాట. అలాగే అతుక్కుంటే జీవితాంతం పిడికిలి సరిగ్గా మూసుకోదు.

ముంజేతిది ఇంకో కథ. తల మీదికి దెబ్బ వస్తుంటే ఎవరైనా సరే చెయ్యి అడ్డం పెడతారు. చిటికెనవేలి వైపు ఉండే అల్నా ఎముక చర్మం కిందే ఉంటుంది, అది విరుగుతుంది. ఈ విరుపుకి వైద్యంలో పేరే నైట్‌స్టిక్ ఫ్రాక్చర్. పోలీసు లాఠీ పేరు పెట్టారు. ఎక్స్‌రేలో అది ఒక్కటే కనిపిస్తే చాలదు, మోచెయ్యి కూడా చూడాలి, పక్క ఎముక తల అక్కడ తొలగి ఉండవచ్చు. ఇక దెబ్బ తగిలిన ముంజెయ్యి గంటలు గడిచేకొద్దీ గట్టిగా బిగుసుకుపోయి, వేళ్ళు చాపితే భరించలేని నొప్పి వస్తే, అది తెల్లారేదాకా ఆగే వ్యవహారం కాదు. లోపల ఒత్తిడి పెరిగి కండకి రక్తం అందడం లేదన్న గుర్తు అది.

ఎవరూ కొట్టకుండానే వచ్చే బాధలూ ఉన్నాయి. వీడియోలు తీసుకునేవాళ్ళు వీటిని ఎప్పుడూ చూపించరు. కర్రని భయంతో గట్టిగా బిగించి రోజూ వందల దెబ్బలు టైరు మీద కొట్టేవాళ్ళకి మోచేతి బయటి వైపు నొప్పి మొదలవుతుంది, టెన్నిస్ ఆడేవాళ్ళకి వచ్చేదే. ఇందాక చెప్పిన అదురు, బిగించిన పట్టు రెండూ కలిస్తే అది తొందరగా వస్తుంది. కర్ర లాక్కునే సాధనలో బొటనవేలు వెనక్కి విరుచుకుని, దాని మొదట్లోని కట్టు తెగడం కూడా చూశాను.

తలకి తగిలితే లెక్క వేరు

చేతి గాయాలు ఎక్కువ, తల గాయాలు ప్రమాదకరం. కణత దగ్గర పుర్రె పల్చగా ఉంటుంది, దాని లోపలి వైపు ఒక ధమని పోతుంది. అక్కడ ఎముక చిట్లి ధమని తెగితే, మనిషి కాసేపు స్పృహ తప్పి, లేచి, బాగానే మాట్లాడి, కొన్ని గంటల్లో మళ్ళీ పడిపోవచ్చు. మధ్యలో బాగున్న ఆ సమయమే చాలామందిని మోసం చేస్తుంది. కర్నూలు జిల్లా దేవరగట్టులో ప్రతి దసరా రాత్రీ బన్ని ఉత్సవంలో కర్రల సమరం జరుగుతుంది. తలలు పగిలినవాళ్ళ గురించి మర్నాడు పేపర్లో చదవడం మనకి అలవాటైపోయింది. అక్కడి కర్రలు పొడవైనవి, బరువైనవి, అది అర్నిస్ కాదు. కానీ పుర్రె అదే, కణత అదే.

స్పృహ తప్పకపోయినా మెదడుకి అదురు తగలవచ్చు. తల తిరగడం, వాంతి, అడిగిందే అడగడం, వెలుతురు భరించలేకపోవడం గుర్తులు. క్రీడా వైద్యంలో ఇప్పుడు అందరూ ఒప్పుకునే నియమం: అలాంటి అనుమానం వస్తే ఆ రోజు మళ్ళీ బరిలోకి దిగకూడదు.

కత్తిసాము మాస్కు పెట్టుకుంటే తలకి ఏమీ కాదన్న నమ్మకం ఒకటుంది. ఆ మాస్కు తయారైంది సన్నటి కత్తి మొన ముఖంలోకి దిగకుండా ఆపడానికి. కన్ను, పళ్ళు, ముక్కు దాని వల్ల దక్కుతాయి, అది పెద్ద మేలే. పేము కొనో ఊడిన పీచో కంట్లో పడితే కనుగుడ్డు ముందరి గదిలో రక్తం చేరడం నుంచి చూపు పోవడం దాకా ఏదైనా జరగవచ్చు. కానీ కర్ర దెబ్బ అదురుని మాస్కు ముందుండే ఆ తీగల జల్లెడ మింగలేదు. తల వెనక భాగం దాదాపు ఖాళీ.

వీధిలో: కర్ర ఎక్కడుంది, చట్టం ఏమంటుంది

ఆత్మరక్షణ గురించి మాట్లాడేటప్పుడు మొదటి చిక్కు చాలా మామూలుది. అవసరం పడిన రోజు చేతిలో కర్ర ఉండదు. దీనికి గురువుల జవాబు: గొడుగు, టార్చి, చుట్టిన పత్రిక, ఏదైనా కర్రే; ఒట్టి చేతుల కదలిక కూడా అదే. ఈ మాట సగం ఒప్పుకోవచ్చు. కోణాలు, అడుగులు నిజంగానే ఒకటే. కానీ మడత గొడుగు ఒక్క దెబ్బకి వంగిపోతుంది, టార్చికి దూరం ఉండదు. 60 సెంటీమీటర్లు పోతే ఇందాకటి లెక్క మొత్తం మారిపోతుంది. ఆ ఖాళీని ఒప్పుకుని నేర్పే చోట్లు ఉన్నాయి, దాటేసే చోట్లు ఎక్కువ.

ఇక చట్టం. ఫిలిప్పీన్స్ శిక్షాస్మృతి 11వ అధికరణం ఆత్మరక్షణకి మూడు షరతులు పెడుతుంది: అవతలివాడి వైపు నుంచి అక్రమ దాడి ఉండాలి, దాన్ని ఆపడానికి వాడిన పద్ధతి సహేతుకంగా అవసరమై ఉండాలి, కాపాడుకున్నవాడు తగినంతగా రెచ్చగొట్టి ఉండకూడదు. 1978 నాటి బతాస్ పంబన్సా 6 ప్రకారం ఇంటి బయట కత్తి, బోలో లాంటి పదునైనవీ, మొద్దు ఆయుధాలూ పట్టుకు తిరగడం నేరం. జీవనోపాధికో, చట్టబద్ధమైన పనికో అయితే తప్ప. సాధనకి వెళ్ళేవాళ్ళు కర్రల్ని సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళడం అక్కడ మామూలుగా కనిపిస్తుంది.

ఒక సన్నివేశం అనుకుందాం. ఒకడు ఇనపరాడ్‌తో వచ్చాడు, మీరు చేతి మీద కొట్టారు, రాడ్ కింద పడింది, అతను వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఇంతవరకు మీ వైపు చట్టం ఉంది. వెంటపడి ఇంకో దెబ్బ వేశారు. దాడి అప్పటికే ఆగిపోయింది, ఆ రెండో దెబ్బకి ఆత్మరక్షణ రక్షణ దొరకడం కష్టం. మన దగ్గరా దారి అదే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అవసరానికి మించిన హాని చేయకూడదని 37వ సెక్షన్, ప్రమాదం ఉందన్న భయం ఉన్నంతసేపే శరీర రక్షణ హక్కు ఉంటుందని 40వ సెక్షన్ చెప్తాయి. ఇంకో సంగతి: 116వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరిగితే అది తీవ్ర గాయం కిందే లెక్క. చిటికెనవేలి ఎముక చిట్లినా సరే. చేతిని కొట్టడం తలని కొట్టడం కన్నా ఎంతో మేలైన దారి. చట్టం దృష్టిలో మాత్రం అది చిన్న దెబ్బేమీ కాదు.

గ్లవ్స్ పెట్టుకుంటే ఏం పోతుంది

గాయాలు తగ్గించే దారులు ఉన్నాయి, ప్రతి దారికీ ఒక ధర ఉంది. ఒళ్ళంతా మందపాటి కవచంతో నిజం కర్రలు వాడే పోటీలు 1989లో సెబూలో జరిగిన మొదటి ప్రపంచ పోటీల నుంచీ ఉన్నాయి. వాటిలో ఎముకలు దక్కుతాయి. కానీ దెబ్బ తగిలినా నొప్పి లేదు కాబట్టి ఇద్దరూ తల మీద తల మీద బాదుకుంటూ నిలబడిపోతారని, తప్పుకోవడం మర్చిపోతారని పాత గురువులు బాధపడతారు. స్పాంజి చుట్టిన కర్రలతో ఆడే పోటీల్లో పిల్లలు భయం లేకుండా దిగుతారు. కాకపోతే ఆ కర్ర బరువూ వేగమూ పేము కర్రవి కావు. కవచం దాదాపు లేకుండా తలపడే పద్ధతి అన్నిటికంటే ఎక్కువ నిజం చెప్తుంది, అన్నిటికంటే ఎక్కువమందిని ఆసుపత్రికి పంపుతుంది. దీన్ని వృత్తిగానో పట్టుదలగానో ఎంచుకున్న పెద్దవాళ్ళ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. వేళ్ళతో పనిచేసి బతకాల్సిన మెడికోకి అది సరిపడదు.

నా వేలు అతుక్కున్నాక మా పార్కులో అందరం లాక్రోస్ ఆటగాళ్ళు వాడే దళసరి గ్లవ్స్ తెచ్చుకున్నాం. మొదటి ఆదివారమే రెండు వింతలు జరిగాయి. ఆరు నెలలుగా సాధన చేసిన కర్ర లాక్కునే ఎత్తు ఒక్కసారి కూడా పనిచేయలేదు, గ్లవ్‌లో బొటనవేలు దూరాల్సిన చోట దూరలేదు. రెండోది ఇంకా పెద్దది. చేతికి దెబ్బ తగిలినా ఎవరూ పట్టించుకోవడం మానేశాం. టప్ మని చప్పుడు వస్తుంది, ఇద్దరూ కొట్టుకుంటూనే ఉంటారు. ఏ ఆలోచన మీద ఈ విద్య మొత్తం నిలబడిందో దాన్నే గ్లవ్స్ చెరిపేశాయి.

గురో కాసేపు చూసి, ఆపమన్నారు. ఆయన కుడి ఉంగరపు వేలు మధ్యలో పక్కకి వంగి ఉండేది, ఎప్పుడో కుర్రతనంలో అతుక్కున్న విరుపు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే. గ్లవ్ మీద శుభ్రంగా తగిలిన మరుక్షణం, తగిలినవాడు కర్ర కింద పడేసి, ఆ చేతిని వీపు వెనక పెట్టుకుని, మిగిలిన చేత్తో తప్పించుకుని గీత దాటాలి. అవతలివాడు కొడుతూనే ఉంటాడు. వరంగల్ తమ్ముడు మొదటి వారం ఏడుసార్లు కర్ర పడేశాడు, నేను తొమ్మిదిసార్లు. మూడో వారానికి ఇద్దరం కాస్త దూరంగా నిలబడడం మొదలుపెట్టాం.